నటి వినోదిని



నేటి నా ప్రసంగము వంగదేశపు నాటకశాలలో పండ్రెండేండ్లు పాడి యాడి, ఇరువదినాలుగేండ్లు నిండకముందే రంగమును విడిచిపెట్టిన యొక స్త్రీని గూర్చినది. ఆమె పేరు వినోదిని. వంగీయులు వకారమును బకారముగా నుచ్చరింతురు గావున వారి నోట ఆమె బినోదిని. పేరునకు వెనుక ‘దాసి’ యను మాట తప్ప ఇంటిపేరు లేదు. ఏల లేదో కథ వినగా మీకే తెలియును. శ్రీరామకృష్ణ పరమహంసుల చరిత్రము చదివినవారికి ఈమె పేరు ఒకటి రెండు పుటలలో తగిలియే యుండును. అచ్చట నామె గిరీశచంద్ర ఘోషుగారి చాటున క్షణకాలము కానవచ్చి మరుగుపడును. ఆమె తానుగా వ్రాసికొన్న స్వీయచరిత్రమును చదివిన నాటినుండి, నాకు ఆ పుటకంటె దానికి వెనుకను ముందును గల పుటలే యెక్కువగా మనసున మెదలుచున్నవి.

మొదట నాటకశాలలో స్త్రీలుండుట యనునది ఎట్టి వివాదమో చెప్పవలెను. కైశికీవృత్తి పురుషుల వలన సాధ్యము గాదని భరతముని విన్నవించుకొనగా, బ్రహ్మ అప్సరసలను సృజించి యిచ్చెనని నాట్యశాస్త్రమున మొదటి యధ్యాయముననే యున్నది. కావున స్త్రీపాత్రమును స్త్రీ ధరించుట శాస్త్రవిరుద్ధము కాదు. అయినను లోకము చాలకాల మొప్పలేదు. మన తెలుగుదేశమున స్థానం నరసింహారావుగారు సత్యభామాది స్త్రీపాత్రములతోనే అఖండకీర్తి గడించి 1956 లో పద్మశ్రీ బిరుదము నందిరి. కడప మండలమందలి సురభి గ్రామమున 1885 లో కీచకవధతో మొదలైన వనారస గోవిందరావుగారి నాటకసమాజమువారు మాత్రము తమ కుటుంబపు స్త్రీలచేతనే వేషములు కట్టించిరి. భార్య సైరంధ్రి, భర్త భీముడు, వదినగారు సుధేష్ణ యగుచో వేలు చూపుట కెవరికి చనువుండును? ఆ యుపాయము వంగీయులకు తోచలేదు.

కలకత్తాలో 1872 లో నేషనల్ థియేటరు వారు టిక్కెట్లు పెట్టి నాటకము లాడ నారంభించినప్పుడు స్త్రీపాత్రములను నూనూగు మీసములు గొరిగించుకొన్న యువకులే ధరించిరి. మరుసటి యేట బెంగాల్ థియేటరు వెలసినప్పుడు, స్త్రీలనే తెండని సలహా యిచ్చినవాడు మేఘనాదవధ కావ్యకర్త మైకేల్ మధుసూదన దత్తు. ఆయన యానాటకశాల తెర లేవకముందే 1873 జూనులో గతించెను. ఆ సలహా ననుసరించి వేశ్యావాటికనుండి నలుగురు స్త్రీలను తెచ్చిరి. వెంటనే ఈశ్వరచంద్ర విద్యాసాగరులు ఆ నాటకశాల సలహాసంఘము నుండి తొలగిపోయిరి. వితంతువుల కన్నీరు తుడిచిన మహానుభావుడు ఈ స్త్రీలయెడ నేల యిట్లు కఠినుడాయెనని మనకు తోచవచ్చును. కాని మన వీరేశలింగము పంతులుగారును భోగముమేళములను నిరసించినవారే. ఆ తరమువారి సంస్కరణము గృహస్థుని యిల్లు బాగుచేయుటకు పుట్టినది. ఆ యింటికి వెలుపల నిలిచినవారిని గూర్చి తలపోయుటకు దానికి తీరిక చాలలేదు.

వినోదిని 1863 లో కలకత్తాలోని కారన్‌వాలిస్ వీథిలో జన్మించెను. ఇంటిలో అమ్మమ్మ, తల్లి, తమ్ముడు. తండ్రి మాట లేదు. పేదరిక మెంతటిదనగా, అయిదేండ్ల పిల్లవానికి అంతకంటె చిన్నపిల్లను తెచ్చి పెండ్లిచేసి, ఆ కోడలి యొంటిమీది నగలమ్ముకొని కొన్నాళ్లు గడిపిరట. ఆ పిల్లవాడును దక్కలేదు. వినోదినికిని బాల్యముననే వివాహమైనది. ఆ పెండ్లికొడుకును వాని బంధువులు తీసికొనిపోయిరి, మరల రానేలేదు. వారి యింటనే ఒక భాగమున గంగాబాయి యను గాయని కాపురము వచ్చినది. వినోదిని యామెవద్ద పాట నేర్చెను. గంగాబాయి పాట వినవచ్చు పెద్దమనుష్యులు ఈ పిల్లను చూచి గ్రేట్ నేషనల్ థియేటరులో చేర్పించిరి. నెలజీతము పది రూపాయలు.

1874 లో ఆమె తొలిసారి రంగమెక్కెను. నాటకము శత్రుసంహారము, మన భట్టనారాయణుని వేణీసంహారమున కది వంగభాషలో రూపాంతరము. వినోదినిది ద్రౌపది చెలికత్తె వేషము, నాలుగు మాటలకంటె నెక్కువ లేదు. కాళ్లు వణకినవని, దీపముల వెలుగులో నెవ్వరును కానరాలేదని, మాటలు చెప్పి లోనికి వచ్చిన తరువాత చప్పట్లు వినబడినవని ఆమె వ్రాసికొన్నది. అప్పటి కామెకు పదునొకండేండ్లు.

మరుసటి యేట ఆ సంఘము ఢిల్లీ, లాహోరు, ఆగ్రా, బృందావనము, లక్నో మొదలగు పట్టణములకు నాటకయాత్ర వెడలెను. లక్నోలో జరిగిన యొక్క సంగతి మాత్రము చెప్పి సాగెదను. అచ్చట దీనబంధు మిత్రుని నీలదర్పణ మాడిరి. వినోదినిది సరళత వేషము. నీలిమందు తోటల దొర యొక రైతుబిడ్డను చెరపట్టబోగా, తోరాప్ అను రైతు వానిని పట్టి కొట్టు ఘట్టమున్నది. ఆ ఘట్టమున చూచుచున్న తెల్లసిపాయీలు కత్తులు దూసి రంగముపైకి దుమికిరి. నటులు తెరలు తెంపుకొని పరుగిడిరి, మరునాడే యూరు విడిచిరి. పండ్రెండేండ్ల పిల్ల నాటకమునకు బలమెంతో ఆ రాత్రి కన్నులార చూచెను. తెల్ల ప్రభుత్వమును చూచెను. 1876 లో నాటక ప్రదర్శనముల చట్టమును తెచ్చెను.

ఆ పిమ్మట నామె బెంగాల్ థియేటరున బంకించంద్రుని నవలల నాటకములలో పేరుగాంచెను. దుర్గేశనందినిలో అయేషాయు నామెయే, తిలోత్తమయు నామెయే. మృణాళినిలో మనోరమ వేషమును చూడవచ్చిన బంకించంద్రుడు తాను కలముతో వ్రాసినది కండ్లయెదుట నడచుచున్నదని సంతోషించెనట. మేఘనాదవధ నాటకమున నొక్క రాత్రి ప్రమీల, చిత్రాంగద, వారుణి, రతి, మాయ, మహామాయ, సీత అను ఏడు పాత్రములను ధరించెను. ఏడు చీరలు మార్చుట గొప్ప కాదు. రాక్షసుని వీరపత్నిగా యుద్ధమునకు వెడలిన గొంతుతోనే అశోకవనమున సీతయై యేడ్చుట గొప్ప. మొత్తముమీద పండ్రెండేండ్లలో ఎనుబదికి పైగా పాత్రములు ధరించెను. ఆ కాలపు నాటకము పాటలేని నాటకము కాదు; నటి యనగా గాయనియే. గంగాబాయి యిచ్చిన విద్య ప్రతిదిన మక్కరకు వచ్చెను.

గిరీశచంద్ర ఘోషు 1844 లో పుట్టినవాడు. నటుడు, కవి, నాటకకర్త, నాటకాచార్యుడు, త్రాగుబోతు, పిదప పరమభక్తుడు. ఆయన వినోదినికి గురువు. వల్లించి యప్పజెప్పుట ఆయన పద్ధతి కాదు. ఇంగ్లీషు నాటకముల కథలు చెప్పును. ఎలెన్ టెర్రీ మొదలగు ఇంగ్లీషు నటీమణుల ప్రజ్ఞను వర్ణించును. కలకత్తాకు వచ్చిన ఇంగ్లీషు నాటకములను చూపించి, ఏమి చూచితివని ప్రశ్నించును. బడిమెట్లెక్కని పిల్లకు అంతకంటె మంచి చదువేమున్నది? ఆయన గొప్పతనమును నేను తక్కువచేయను. ఇక చెప్పబోవునది వినుడు.

నేషనల్ థియేటరు అప్పటికి ప్రతాపచంద్ జహురీ యను వర్తకుని చేతికి వచ్చియుండెను. ఆయన నాటకశాలను కిరాణా దుకాణమువలె నడపెను. వినోదిని సెలవుపై కాశికి పోయి, జబ్బుపడి, ఆలసించి వచ్చినందున ఆ దినముల జీతము విరుగగొట్టెను. తక్కిన నటులకును ఆయనతో సరిపడలేదు. అందరు కలిసి సొంత నాటకశాల కట్టవలెనని తలచిరి గాని చేత కాసు లేదు. ఆ సమయమున గుర్ముఖ రాయి యను ధనిక యువకుడు, ఇరువదేండ్లవాడు, ముందునకు వచ్చెను. నాటకశాల కట్టించుటకు సిద్ధమే. అయితే వినోదిని తన యాశ్రయమున నుండవలెను. ఇది యాతని షరతు.

అప్పటికామె మరియొక జమీందారు యువకుని సంరక్షణమున నుండెను. వానిని విడుచుట ధర్మము కాదని ఆమె తటపటాయించినది. తోడి నటులందరు ఆమె చుట్టు మూగి, నీవొప్పుకొన్ననే మనకు నాటకశాల, లేనిచో అందరము వీథిపాలని బతిమాలిరి. వంగదేశపు విద్వాంసులు ఒక స్త్రీ దేహమును పూచీపెట్టి బాకీ తెచ్చిరని కుండబ్రద్దలుగా చెప్పవలెను. మర్యాదమాట దీనికి లేదు. ఆమె యొప్పుకొన్నది. విన్న పూర్వపు జమీందారు తెల్లవారుజామున గదిలోనికి వచ్చి కత్తి విసరెను. ఆమె తప్పించుకొనగా దెబ్బ హార్మోనియము మూతపై పడెనట. గుర్ముఖ రాయి సయితము నడుమ నొకసారి, నాటకశాల యెందుకు, ఏబదివేల రూపాయలు నీకే యిచ్చెదను, వేషములు మానుమనెను. పది రూపాయల జీతముతో మొదలిడినదానికి ఏబదివేలు! ఆమె వద్దన్నది, నాటకశాలయే కావలెనన్నది.

బీడన్ వీథి 68 వ నంబరు స్థలమున కట్టడము సాగినది. ప్రేక్షకులు కూర్చుండు తావున మన్ను పోయవలసివచ్చినప్పుడు కూలీలకు హుషారుగా నుండుటకై వినోదినియే తట్ట నెత్తిన బెట్టుకొని మన్ను మోసెను. ఆ శాలకు ఆమె పేరు తగులునట్లు ‘బి’ థియేటరని పేరిడెదమని తోడివారు మాట యిచ్చియుండిరి. రిజిస్ట్రీ చేయించుకొని వచ్చినవారిని, ఏమి పేరు పెట్టితిరని ఆమె యడుగగా, స్టారని చెప్పిరి. వేశ్య పేరు పెట్టినచో గౌరవనీయులు రారని వారి సమాధానము. ఆమె ఒక్క మాటయు బయట ననక, లోపలనే క్రుంగి, 1883 జూలై 21 న తెర లేచినప్పుడు దక్షయజ్ఞమున సతియై నిలిచెను. దక్షుడు గిరీశబాబు. తండ్రి యజ్ఞమునకు పిలుపు లేక పోయి, నిండుసభలో అవమానపడిన కూతురి కథ యది! ఆ రాత్రి చూచినవారి కీ సంగతి తెలియదు.

ఆర్నెల్లకే గుర్ముఖ రాయికి జబ్బు, ఇంటివారి యొత్తిడి. శాలను వదలుకొనబోవుచు, వినోదినికి భాగ ముండవలెనని యాతడు పట్టుబట్టెను. అప్పుడు గిరీశబాబు వినోదిని తల్లికి నచ్చజెప్పి, ఆడువారికీ తగవు లేలయని భాగము వద్దనిపించెను. పదునొకండు వేల రూపాయలకు నలుగురు నటసభ్యులు శాలను కొనిరి. పేరును పోయినది, భాగమును పోయినది.

1884 ఆగస్టులో చైతన్యలీల ఆడిరి. నిమాయి, అనగా శ్రీకృష్ణచైతన్య ప్రభువు వేషము వినోదినిది. ఇరువదియొక్కేండ్ల యువతి, మీసము రాని బాలపండితుడై మొదలిడి సన్న్యాసియై వెడలవలెను. నాటకమంతయు కీర్తనలతో, నృత్యముతో నిండినది. ప్రదర్శనపు నాటి యుదయము గంగాస్నానము చేసి, ప్రభువును ప్రార్థించి ఆమె నాటకశాలకు పోయెడిది. నగరమున నాటకశాల గడప త్రొక్కని వైష్ణవులు, విధవలు, పండితులు ఆ నాటకమునకు వచ్చిరి. సెప్టెంబరు 21 న దక్షిణేశ్వరమునుండి శ్రీరామకృష్ణులే వచ్చి పెట్టెలో కూర్చుండి చూచిరి, పలుమారు సమాధిస్థులైరి. నాటకాంతమున, అసలును నకలును ఒక్కటిగనే చూచితినని చెప్పిరట. వినోదిని పాదములకు మ్రొక్కగా, తల తాకి, నీకు చైతన్యము కలుగుగాక యని యాశీర్వదించిరి. ఊరిలోని గౌరవనీయులు పేరు పలుకుటకు సంకోచించిన స్త్రీ శిరమునందు ఆ చేయి నిలిచినది.

మరుసటి యేట పరమహంసులు కంఠవ్యాధితో శ్యామపుకూరులో నుండగా, శిష్యులు పరులను రానీయకుండిరి. వినోదిని దొరవేషము వేసికొని, టోపి కోటు తొడిగి, కాళీపద ఘోషుని సాయమున లోనికి పోయెను. నిజము తెలిసినప్పుడు ఆయన కోపింపక నవ్విరి. జీవితమంతయు నేర్చిన విద్యను ఆమె తనకై వాడుకొన్నది ఆ ఒక్కనాడే యని నా యభిప్రాయము.

1886 లో గిరీశబాబు బిల్వమంగళ ఠాకూరు వ్రాసెను. అందు చింతామణి వినోదిని. ఈ మాట వినగానే మీరు ముందునకు వంగియుందురు. అవును, అదే కథ. శ్రీకృష్ణకర్ణామృతకర్తయగు లీలాశుకుని కథ. మన కాళ్లకూరి నారాయణరావుగారు దానినే తెలుగున చింతామణి నాటకముగా తీర్చిరి. అది ఆడని తిరునాళ్ల మన యూళ్లలో అరుదుగా నుండెను. కర్త వేశ్యావ్యసనమును ఖండింప వ్రాయగా, ఆడువారు సుబ్బిశెట్టి నోట ఆయన వ్రాయని కూతలు పెట్టి పెట్టి, తుదకు 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రదర్శనమునే నిషేధించువఱకు తెచ్చిరి. కర్ణామృతపు మొదటి శ్లోకముననే లీలాశుకుడు చింతామణిని స్మరించెను. వేశ్య గురువగుట యను నంతటి మాటను మన పూర్వులు నిత్యపారాయణ గ్రంథమున నుంచిరి. కలకత్తాలో ఆ పాత్రమును ధరించినది ఆ జీవితమెట్టిదో యెఱిగిన స్త్రీ. అభినయమునకు అంతకుమించిన భాష్యము నేను కోరను.

ఆ డిసెంబరులో బెల్లిక్ బజారు అను ప్రహసనమున నటించి, 1887 మొదటి దినమున ఆమె విరమించెను. మరల వేషము కట్టలేదు. ఒక కులీన గృహస్థుని యాశ్రయమున గృహిణివలెనే కాలము గడపెను. శకుంతల యను కూతురు కలిగెను. ఆ బిడ్డను బడిలో చేర్పింపవలెనని ఆమె తిరుగని చోటు లేదు. తల్లి యెవరో తెలిసి ఏ బడివారును చేర్చుకొనలేదు. నేను నలువదేండ్లకు దగ్గరగా హాజరుపట్టీ వ్రాసినవాడను. అందు తండ్రిపేరను గడి యొకటి యుండును. దానిని నింపలేని తల్లి బల్లయెదుట నిలిచినప్పుడు ఆమె చూపు ఎచ్చట నుండునో నే నెఱుగుదును. తన నిమాయి వేషమును చూచి కన్నీరు గార్చిన యూరు, తన బిడ్డకు పలకయైన నీయదాయెను. శకుంతల 1904 లో, పదుమూడేండ్ల ప్రాయమున, మరణించెను. మరుసటి యేట వెలువడిన కనక్ ఓ నళిని యను కావ్యమును తల్లి ఆ బిడ్డకే యంకితము చేసెను.

1912 లో ఆశ్రయదాతయు పోయెను. ఆ యేటనే ఆమార్ కథా, అనగా ‘నా కథ’, అను స్వీయచరిత్రము అచ్చయినది. దానిని గిరీశబాబునకు లేఖల రూపమున వ్రాసి, పీఠిక ఆయననే కోరెను. ఆయన వ్రాసి యిచ్చెను. నటన గూర్చి పొగడ్తలు కలవు, స్టారు నాటకశాల పుట్టిన సంగతి మాత్రము దాటవేసెను. ఆమె, ఇది నాకు వలదు, జరిగినది వ్రాయుడని తిప్పి పంపెను. అప్రియమైన సత్యము అన్నివేళల పలుకరాదని ఆయన సమాధానము. మనువు ఆ మాట చెప్పియే యున్నాడు. కాని పుచ్చుకొన్న బాకీని గూర్చి నోరు మూసికొమ్మని చెప్పలేదు. చనిపోవులోపల మరల వ్రాసెదనని ఆయన మాట యిచ్చెను. ఆ ఫిబ్రవరిలోనే కాలధర్మము చెందెను. వినోదిని పీఠిక లేకయే గ్రంథము నచ్చొత్తించి, రెండవ కూర్పున, తనకు నచ్చని ఆ పీఠికనే గురువు వ్రాతయని గౌరవించి చేర్చెను. అందలి లోపమును తన కథ చదివినవారే గ్రహింతురని ఆమెకు తెలియును.

ఆమె 1941 లో మరణించెను. ఆమె మన్ను మోసిన బీడన్ వీథి స్టారు నేడు లేదు. కొత్త బాట వేయునప్పుడు దానిని పడగొట్టిరి. ఆ భాగస్వాములే 1888 లో కారన్‌వాలిస్ వీథిలో రెండవ స్టారును కట్టించిరి. అది 1991 లో అగ్నికి ఆహుతియై, 2004 లో మరల తెరువబడెను. దానికి వినోదిని పేరు పెట్టుచున్నామని 2024 డిసెంబరు కడపట పశ్చిమవంగ ముఖ్యమంత్రి ప్రకటించెను. ఆమె విరమించిన మరుసటి యేట కట్టిన శాల యది. అందామె ఒక్కనాడును వేషము కట్టలేదు.